కిరసనాయిలు పీపా దించిన రోజు

నా భర్త పోయాక మా పేటలో అందరూ నాకు చెప్పిన మాట ఒకటే, ఆ పీపాను వదిలించుకోమని. మా అత్త చెప్పింది, మా బావగారు చెప్పారు, ఆదివారం ప్రార్థన నడిపించే పంతులుగారు చెప్పారు. నేను వదిలించుకోలేదు. ఎందుకు వదల్లేదో, దాన్ని బండి మీద నుంచి ఎలా దించామో చెప్పాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. ఆ రోజు అక్కడున్నవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ రోజు తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు మాత్రం ఇప్పుడు తామే పక్కన నిలబడి దించినట్టు చెప్పుకుంటున్నారు. అందుకే రాస్తున్నాను. మిషను బడిలో నేర్చుకున్న నాలుగక్షరాలు ఇందుకైనా పనికి రావాలి.

మాది కొవ్వూరు నుంచి పెనుగొండ వైపు వెళ్లే దారిలో, కాలవ గట్టును ఆనుకుని ఉన్న ఊరు. గోదావరి మీద రైలు వంతెన కట్టిన కొత్త రోజులవి. కిరసనాయిలు ఇంకా అన్ని ఇళ్లకీ రాలేదు, ఆముదం దీపాలే ఎక్కువ. కాకినాడ నుంచి పడవల మీద నూనె వచ్చి లాకుల దగ్గరున్న డిపోలో దిగేది. నా భర్త ఆ డిపోలో పడవలు దించే కూలి. పాతదైపోయిందని డిపో వాళ్లు ఒక పెద్ద ఇనప పీపాను మూల పడేస్తే, అడిగి తెచ్చుకున్నాడు. మా మామగారు వదిలి వెళ్లిన ఎడ్లబండి మీద దాన్ని పడుకోబెట్టి, ఇనప పట్టీలు చుట్టి, కింద దూలాలకు నట్లు బిగించాడు. పైన మనిషి తల దూరేంత మూత, వెనక ఇత్తడి కుళాయి. డిపోలో నూనె నింపించుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు.

ఊళ్లలో మా బండి వీధి మొదట్లోనే ఆగాలి. ఇళ్లవాళ్లు పాత్ర తెచ్చి నేల మీద పెట్టి వెనక్కి జరిగేవారు. ఈయన నూనె పోసి వెనక్కి జరిగేవాడు. అప్పుడు వాళ్లు వచ్చి పాత్ర తీసుకునేవారు. నూనెకి లేని అంటు పోసే చేతికి ఉండేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఎండాకాలంలో ఒక సాయంత్రం పీపా ఖాళీ చేసుకుని ఇంటికి వచ్చాడు. కుళాయి సరిగా పారడం లేదు, అడుగున మడ్డి పేరుకుందేమో చూడాలి అన్నాడు. చీకటి పడుతోంది. ఎడ్లను విప్పి, బండెక్కి, మూత తీసి, బుడ్డి దీపం లోపలికి వంచి తొంగి చూశాడు. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. పెద్ద చప్పుడైంది. తిరిగి చూసేసరికి ఆయన బండి పక్కన నేల మీద ఉన్నాడు. ముఖమూ ఛాతీ కాలిపోయాయి. పీపా వెనక అతుకు ఒకటి విచ్చుకుపోయింది.

రాజమండ్రి ఆసుపత్రికని పడవలో తీసుకుపోయాం. దారి పొడుగునా ఆయన ఒకే మాట అన్నాడు. "నూనె లేదు. ఖాళీగానే ఉంది. అయినా ఎలా అంటుకుంది?" నొప్పి కంటే ఆ సంగతే ఆయన్ని ఎక్కువగా పట్టి కుదిపింది. విజ్జేశ్వరం చేరకముందే ఆ మాట కూడా ఆగిపోయింది.

ఆ మాటను నేను చాలా రోజులు లోపల తిప్పుకున్నాను. డిపోకి ఆయనకు అన్నం పట్టుకుని వెళ్లేదాన్ని కదా, అక్కడ చూసినవి గుర్తు చేసుకున్నాను. మూత బిగించిన నిండు పీపాల మీద కూలీలు కూర్చుని తినేవారు, ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఖాళీ అయినవాటిని మాత్రం దూరంగా, నీడలో, గాలి తగిలేచోట పెట్టించేవారు. వాటి దగ్గరికి ఎవరైనా దీపం పట్టుకుని వెళితే డిపో మేస్త్రి కేకలేసేవాడు. నూనె పోయినా దాని వాసన లోపలే ఉండిపోతుంది, అంటుకునేది ఆ వాసనే అని నాకు అర్థమైంది. డిపోకి వెళ్లి మేస్త్రినే అడిగాను. "అవునమ్మా, ఆవిరి. నీళ్లతో నింపితే గానీ పోదు" అన్నాడు. ఈ మాట నా భర్తకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. డిపోలో పని చేసే కూలికి బరువు ఎత్తడం నేర్పారు గానీ ఇది ఎవరూ నేర్పలేదు.

పంతులుగారు పరామర్శకు వచ్చినప్పుడు దేవుడి చిత్తం అన్నారు.

"దేవుడు ఆ దీపం పట్టుకోలేదండి" అన్నాను.

ఆయన నొచ్చుకున్నారు. మంచి మనిషే. మిషను వారి ఆడపిల్లల బడిలో ఆయా పని ఇప్పిస్తాను, ఆ పాడు పీపాను ఎవరికైనా ఇచ్చెయ్యి, నీడపట్టున బతుకు అన్నారు. నాకు బండి ఉంది, ఎడ్లున్నాయి, నూనె కావలసిన ఊళ్లున్నాయి అన్నాను. ఆడది ఊరూరా తిరిగి నూనె అమ్మడమేంటమ్మా అన్నారు. ఆడది చేపల గంప ఎత్తుకుని ఊరూరా తిరగడం లేదాండి అన్నాను. ఆయన ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

మా బావగారి సంగతి వేరు. నా భర్తకు అన్నగారు, పక్క గుమ్మమే. తమ్ముణ్ణి చిన్నప్పుడు భుజాన మోసి పెంచిన మనిషి. ఆయనకు ఆ పీపా మీద పగ పట్టింది. రోజూ పొలానికి వెళుతూ దాని వైపు చూసి ఉమ్మేసేవారు. ఒక పొద్దున్న కమ్మరిని వెంటబెట్టుకుని వచ్చారు. కమ్మరి చేతిలో సమ్మెట, ఇనుము కోసే ఉలి ఉన్నాయి.

"పట్టీలు తెగ్గొట్టి దాన్ని కింద పడేస్తాం. ముక్కలు చేయించి పారేస్తాను. బండి పంట మోతకు పనికొస్తుంది" అన్నారు.

నేను వెళ్లి బండికీ వాళ్లకీ మధ్య నిలబడ్డాను.

"వద్దండి బావగారూ."

"పక్కకు రామ్మా."

"ఇనుము మీద ఇనుము పడితే రవ్వ లేస్తుంది. లోపల ఇంకా మడ్డి ఉంది, మూత దగ్గర ముక్కు పెట్టి చూడండి. ఒక్క రవ్వ చాలు. ఆయన్ని తీసుకుపోయినట్టే మిమ్మల్నీ తీసుకుపోతుంది."

"నా తమ్ముణ్ణి మింగిన దాన్ని నువ్వు కాపాడుతున్నావా?"

"దాన్ని కాదండి. మిమ్మల్ని."

ఆయన నన్ను తోసుకుని వెళ్లబోయారు. నేను బండి చక్రం ఆకులు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నేల మీద కూర్చున్నాను. తమ్ముడి భార్యను ముట్టుకుని లాగడం ఆయన వల్ల కాలేదు. కమ్మరి అప్పటికే నాలుగడుగులు వెనక్కి వేశాడు. లోపల నూనె మిగిలి ఉందని తనకెవరూ చెప్పలేదు, తనకు పిల్లలున్నారు అన్నాడు. సమ్మెట భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"అయితే ఏం చేస్తావు? దీన్ని ఇలాగే పెట్టుకుని పూజ చేస్తావా?" అని అడిగారు మా బావగారు.

"దించుతాను. విచ్చుకున్న అతుకుకు మాటు వేయిస్తాను. మళ్లీ ఎక్కిస్తాను."

"ఎవరొస్తారు నీతో? మగాడన్నవాడు ఒక్కడూ రాడు."

ఆయన అన్నది నిజమే. పేటలో మగవాళ్లు ఎవరూ రాలేదు. దాని జోలికి పోవద్దని ఇళ్లలో ఆడవాళ్లకు కూడా చెప్పారు. నేను ఊడ్పులకు వెళ్లే ఆడకూలీల ముఠాను అడిగాను. ఎండాకాలం కాబట్టి వాళ్లకు పని లేదు. ముఠాకు పెద్ద బలమైన గొంతున్న మనిషి, చేనుకు ఆ చివర నుంచి పిలిస్తే ఈ చివర వరకు వినిపించేది. అన్నీ విని ఒకటే అడిగింది.

"చస్తామా?"

"నేను చెప్పినట్టు చేస్తే చావం."

"నువ్వు ఎక్కడ నిలబడతావు?"

"మూత దగ్గర."

"అయితే వస్తాం" అంది.

ముందు రోజే నట్లన్నిటికీ ఆముదం పట్టించాను. తుప్పు పట్టి బిగుసుకున్నాయి. డిపో మేస్త్రి దగ్గర పానా అడిగి తెచ్చాను. పెరట్లో దూరంగా, కాలవకు చుక్క కూడా పారకుండా గొయ్యి తవ్వాను. కాలవ నీళ్లే మనుషులూ గొడ్లూ తాగేది. ఎడ్లను పేట ఆ చివర కట్టేశాను. సాయంత్రం ప్రతి గుమ్మం ముందూ నిలబడి, రేపు పీపా దించేవరకు పొయ్యి వెలిగించవద్దని చెప్పాను. కొందరు తిట్టారు. నీ పీపా కోసం మా పిల్లలు గంజి లేకుండా ఉండాలా అన్నారు. గంజి రాత్రికే కాచి పెట్టుకోండి, పొద్దున్న మాత్రం ఎవరి ఇంటి మీద పొగ కనిపించినా వచ్చి కుండెడు నీళ్లు పోస్తాను అన్నాను. పోసేదాన్నే. ఆ సంగతి వాళ్లకు తెలిసినట్టుంది, ఎవరూ వెలిగించలేదు.

తెల్లవారి వెలుగు బాగా వచ్చాకే పని మొదలుపెట్టాం. దీపంతో అవసరం రాకూడదు, ఎండ ముదిరి ఇనుము వేడెక్కకూడదు. పడమటి గాలి మా ఇళ్ల వైపు నుంచి కాలవ మీదకు వీస్తోంది, అది మంచిదైంది. బండి చక్రాలు కదలకుండా ముందూ వెనకా కొయ్య మొద్దులు పెట్టాను. చేతులకున్న ఇత్తడి గాజులు అందరితో తీయించాను. ముఠా పెద్ద కాలి కడియాలు రాకపోతే వాటి చుట్టూ తడిగుడ్డ చుట్టింది.

ముందు కుళాయి తిప్పి మడ్డిని చెక్క తొట్టిలోకి పట్టి, గొయ్యిలో పోసి పైన కొంచెం మట్టి చల్లాం. తరవాత విచ్చుకున్న అతుకును బంకమన్నుతో, గుడ్డ పీలికలతో పూడ్చాం. ఆపైన నీళ్లు. ఆడవాళ్లు కాలవ నుంచి బండి దాకా వరసగా నిలబడి కుండలు చేతులు మార్చారు. నేను పైన మూత దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో కుండా అందుకుని పోశాను. నీళ్లు పెరుగుతుంటే లోపలి గాలి ముఖానికి కొట్టింది. ఘాటుకు కళ్లు మండాయి, తల తిరిగింది. ముఖం పక్కకు తిప్పి ఊపిరి పీల్చుకుని మళ్లీ పోశాను. ఆయన తొంగి చూసిన చోటే నేను ఉన్నాను. ఆ సంగతి తలచుకోకుండా ఉండలేకపోయాను, అలాగని చేయి ఆగలేదు. నీళ్లు అంచు దాటి, రంగురంగుల నూనె తెట్టుతో పొర్లాయి. అవి కాలవ వైపు పోకుండా గోనెలతో అడ్డుకుని గొయ్యిలోకి మళ్లించాం. కుళాయి తీసి నీళ్లు వదిలి, మళ్లీ నింపాం. రెండోసారి పొర్లిన నీళ్లలో నూనె తెట్టు పలచబడింది.

నీళ్లన్నీ వదిలేశాక మూతలో తడిగోనె కుక్కి, నట్లకు పానా వేశాం. పానాకు కూడా తడిగుడ్డ చుట్టాను. ముందు పట్టీ ఊడింది. వెనక పట్టీకి ఒక నట్టు మాత్రం కదల్లేదు. ఆముదం పట్టిస్తూ, వదిలిపెడుతూ, ఇద్దరం కలిసి తిప్పుతూ చేతులు పుండ్లు చేసుకున్నాం. ఇంతలో ఎండ ఎక్కుతోంది.

"ఒక్క దెబ్బ వేస్తే ఊడుతుందే" అంది ముఠాలో ఒకామె.

"దెబ్బ వేయం. దూలం కోద్దాం."

ఆ మాట మా అత్తకు వినబడింది. అప్పటివరకు ఆమె గుమ్మంలో బండికి వీపు పెట్టి కూర్చుంది. ఆ దూలం మా మామగారు తన చేత్తో చెక్కినది. ఆమె లేచి లోపలికి వెళ్లింది. ఏడవడానికి వెళ్లిందనుకున్నాను. రంపం పట్టుకుని వచ్చింది.

"కొయ్య మళ్లీ దొరుకుతుంది. కొయ్యి" అంది.

నట్టుకు జానెడు దూరంలో, ఇనుము తగలకుండా, కొయ్యను నీళ్లతో తడుపుతూ కోశాను. దూలం ముక్కతో సహా పట్టీ కిందికి వేలాడింది.

అప్పుడు బండి ముందు నొగలు పైకెత్తి, బండి తోక నేలకు ఆనించి, అరటి బోదెలు పరిచి, వాటి చివర తడి గడ్డి వేశాం. పీపాకు మోకు తాళ్లు కట్టి, ఆడవాళ్లు రెండు వైపులా పట్టుకున్నారు. నేను కింద నిలబడి మెల్లగా వదలమన్నాను. సగం దాకా బాగానే జారింది. అక్కడ తడిసిన బోదె ఒకటి చితికింది. పీపా ఒక పక్కకు తిరిగి చక్రపు ఇనప పట్టా వైపు ఒరిగింది. ఎడమ మోకు పట్టుకున్నవాళ్లు కాళ్లు జారి కింద పడ్డారు. ఇనుము వెళ్లి ఇనుముకు కొట్టుకోబోతోంది. నేను తడిగోనెల కట్ట చక్రానికి అడ్డంగా నెట్టి దాని వెనక నా భుజం పెట్టాను. అంత బరువు ఆపలేనని పెట్టిన క్షణంలోనే తెలిసింది.

ఎవరో మోకు అందుకున్నారు. చూస్తే మా బావగారు. పొద్దున్నే పొలానికని బయల్దేరిన మనిషి గోడ వెనకే ఉన్నారన్నమాట. మోకును నడుముకు చుట్టుకుని, మడమలు నేలలో తన్నిపెట్టి వెనక్కి వాలారు.

"వదలమంటే వదులుతాను. చెప్పమ్మా" అన్నారు.

"కొంచెం. ఇంకొంచెం. ఆపండి. ఇప్పుడు."

పీపా తడి గడ్డి మీదకు దిగింది. చప్పుడు కాలేదు.

ఆయన మోకు వదిలి, దాని దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. మళ్లీ ఉమ్మేస్తారనుకున్నాను. దాని మీద చేయి పెట్టి చాలాసేపు ఉన్నారు. తరవాత నా వైపు చూడకుండానే, కోసిన దూలం బదులు తుమ్మకొయ్య చూస్తానని చెప్పి వెళ్లిపోయారు. ముఠా పెద్ద కూర్చుని కాలికి చుట్టిన తడిగుడ్డ విప్పుకుంటూ, ఇప్పుడు పొయ్యిలు వెలిగించుకోవచ్చని పేటంతా వినబడేలా చెప్పింది.

మాటు వేయించడానికి మా ఊరి కమ్మరి ఒప్పుకోలేదు. పక్క ఊరి కమ్మరి వచ్చాడు. విచ్చుకున్న అతుకు పైకి వచ్చేలా పీపాను దొర్లించి, ఆ అతుకు కింది దాకా నీళ్లు నింపి ఉంచితేనే నిప్పు తెమ్మన్నాను. అంత అవసరమా అన్నాడు. అవసరం లేదనుకుంటే మీరు వెళ్లవచ్చండి అన్నాను. నేనక్కడే నిలబడి, నీళ్లు తగ్గితే పోస్తూ ఉన్నాను. పని అయిపోయాక పీపాను ఎండలో ఆరబెట్టి, కొత్త దూలాల మీద బిగించాం. నట్లు ఈసారి మా బావగారు బిగించారు.

వానలు మొదలవక ముందే నేను బండి తోలుకుని బయల్దేరాను. మొదటి ఊళ్లో పిల్లలు నవ్వారు. రెండో ఊళ్లో ఒకావిడ, నీ మొగుణ్ణి చంపిన పీపాలో నూనె మా ఇంట్లో దీపానికి వద్దంది. దీపం లేకుండా ఉండండి అని బండి కదిలించాను. ఆవిడ వెనక నుంచి పిలిచింది. నేను ఆగలేదు. తరవాతి వారం ఆవిడే పాత్ర పట్టుకుని ముందుగా వచ్చి నిలబడింది.

ఒక పెద్ద ఊళ్లో భూమి బాగా ఉన్న ఆసామి ఒకాయన ఉండేవారు. ఆయన మాటకు ఆ ఊళ్లో ఎదురుండదు. నేను వీధి మొదట్లో బండి ఆపి నూనె పోస్తుంటే, నోట్లో చుట్ట వెలుగుతుండగా కుళాయి దాకా నడిచి వచ్చారు. ఆడది ఎలా పోస్తుందో చూద్దామని వచ్చినట్టున్నారు. నేను కుళాయి కట్టేశాను.

"ఏంటి ఆపావు? నూనె పొయ్యి."

"చుట్ట ఆర్పి రండి బాబుగారూ."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం మారింది.

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసండి. చుట్ట ఉన్న మనిషి ఎవరైనా సరే, నేను కుళాయి తిప్పను. మా ఆయన ఇలాగే పోయాడు."

"ఈ ఊళ్లోకి మళ్లీ ఎలా వస్తావో చూస్తాను."

"రాకపోతే రాను. ఇప్పుడు మాత్రం అది ఆర్పాలి, లేదా మీరు అవతలికి వెళ్లాలి."

కట్టేసిన కుళాయి మీద నుంచి చేయి తీయకుండా నిలబడ్డాను. ఆయన చుట్ట ఆర్పలేదు. ఇంకో రెండు దమ్ములు పీల్చి, నా వైపు పొగ వదిలి, తిరిగి వెళ్లిపోయారు. పాత్రలు పెట్టినవాళ్లు కూడా వాటిని తీసుకుని వెళ్లిపోయారు. ఆ రోజు ఆ ఊళ్లో చుక్క నూనె అమ్ముడుపోలేదు.

తరవాతి వారం మళ్లీ వెళ్లాను. వద్దని మా అత్త గుమ్మానికి అడ్డం నిలబడితే, పక్క నుంచి దాటుకుని వెళ్లాను. వీధి మొదట్లో బండి ఆపి ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. ఎండ నెత్తికెక్కింది. చివరికి ఆ ఆసామిగారి తల్లి, ముసలావిడ, స్వయంగా పాత్ర పట్టుకుని వచ్చింది. నేల మీద పెట్టకుండా కుళాయి కింద పట్టుకుంది.

"మా పొయ్యిలో నిప్పు కూడా ఆర్పి వచ్చాను. పొయ్యమ్మా" అంది.

ఆసామిగారు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. ఆయన నోట్లో చుట్ట ఉంది, దూరంగానే ఉంది. నేను కుళాయి తిప్పాను. ముసలావిడ పాత్ర నిండాక, తరవాతి ఇంటి వాళ్లను రమ్మని పిలిచాను.